మంచు అన్నం పెట్టిన దేశం

ఫిబ్రవరిలో మా పిల్లల బడికి ఒక వారం సెలవు ఇస్తారు. పండగ లేదు, పబ్బం లేదు. దాని పేరు ‘ఆటల వారం’. ఆ వారం బెర్న్ స్టేషన్‌లో ఏ ప్లాట్‌ఫారం మీద చూసినా భుజాన స్కీలు, చేతిలో హెల్మెట్లు, వెనకాల పరిగెత్తే పిల్లలు. చూసేవాళ్లకు డబ్బున్న దేశపు ముచ్చటలా కనిపిస్తుంది. నిజానికి ఈ సెలవు పుట్టింది పొయ్యిలోకి బొగ్గు లేక.

రెండో ప్రపంచ యుద్ధంలో స్విట్జర్లాండ్ ఎవరి పక్షమూ చేరలేదు. చేరకపోయినా బొగ్గు జర్మనీ నుంచే రావాలి. వచ్చింది ఫ్యాక్టరీలకే చాలదు. అందుకని చలి ముదిరిన రోజుల్లో బడులను వెచ్చబెట్టే ఖర్చు తప్పించడానికి వాటికి తాళాలు వేశారు. ఇళ్లలోనూ చలే కాబట్టి పిల్లల్ని కొండల మీదికి తోలారు. యుద్ధం వల్ల విదేశీయులు రాక కొండ హోటళ్లు ఖాళీగా పడి ఉన్నాయి. పిల్లలకు ఎండ, హోటళ్లకు గిరాకీ, ఖజానాకు బొగ్గు: మూడూ కలిసొచ్చాయి. 1941లో స్కీ సమాఖ్య పాంట్రెసీనాలో పిల్లలకు ఉచితంగా ఒక శిబిరం పెట్టింది. మొదటి ఏడు మగపిల్లలకే, మరుసటేడు ఆడపిల్లలకూ. ఆ శిబిరం ఇప్పుడు లెంక్ అనే ఊళ్లో ఏటా జనవరిలో జరుగుతుంది. యుద్ధం ముగిసింది, బొగ్గు వచ్చింది, సెలవు మాత్రం ఉండిపోయింది.

మేం వెళ్లేది ఎక్కువగా మ్యూరెన్‌కు. లౌటర్‌బ్రున్నెన్ లోయ అంచున 1,638 మీటర్ల ఎత్తులో ఉన్న పల్లె. కార్లు పోవు. లోయలోంచి కేబుల్ కారులో గ్రూచాల్ప్ దాకా ఎక్కి, అక్కడినుంచి 1891లో వేసిన చిన్న రైలు మార్గంలో వెళ్తాం. ఎదురుగా ఐగర్, మోంక్, యుంగ్‌ఫ్రావ్ శిఖరాలు మూడూ వరసగా కనిపిస్తాయి. మా అమ్మాయి ఆరో క్లాసు, ఏ వాలు మీదైనా జారిపోతుంది. చిన్నాడు ఇంకా నేర్చుకుంటున్నాడు. స్కీ బడి టీచరమ్మ “పిజ్జా! పిజ్జా!” అని అరుస్తుంది. రెండు స్కీల ముందు కొసలు కలిపి, వెనక కొసలు దూరం చేసి, పిజ్జా ముక్క ఆకారంలో పెడితే వేగం తగ్గుతుంది. నాలుగేళ్ల పిల్లలకు బ్రేకు వేయడం నేర్పే పద్ధతి ఇదే. మా ఆయన, నేను కూడా ఇంకా పిజ్జా దశ దాటలేదు. కింద బెంచీ మీద పులిహోర డబ్బా పెట్టుకుని కూర్చున్న మా అత్తయ్య మాత్రం ఒకటే అడిగింది: “ఇంత డబ్బు పోసి పడటానికొచ్చారుటే? ఇక్కడివాళ్లు తరతరాలుగా ఇదే చేస్తున్నారా?”

తరతరాలుగా కాదు అత్తయ్యా, అసలు కథ అక్కడే ఉంది. ఈ ఆల్ప్స్ పల్లెల్లో పుట్టినవాళ్లకు మంచు అంటే నూట యాభై ఏళ్ల కిందటిదాకా సరదా కాదు, గండం. దారులు మూసుకుపోయేవి. పశువుల గడ్డి వసంతం దాకా వస్తుందా లేదా అన్నదే బెంగ. 1815లో ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలి ఆ బూడిద ఆకాశాన్ని కప్పేసింది. 1816లో ఇక్కడ వేసవే రాలేదు. పంటలు పోయి తూర్పు స్విట్జర్లాండ్‌లో జనం ఆకలితో చచ్చారు. 1819లో ఫ్రిబూర్గ్ ప్రాంతం నుంచి వందలాది మంది ఓడలెక్కి బ్రెజిల్ వెళ్లి నోవా ఫ్రిబూర్గో అనే ఊరు కట్టుకున్నారు. 1845లో గ్లారుస్ వాళ్లు అమెరికా వెళ్లి విస్కాన్సిన్‌లో న్యూ గ్లారుస్ నిలిపారు. అంతకు ముందు శతాబ్దాల్లో ఈ దేశపు పెద్ద ఎగుమతి జున్నూ కాదు, గడియారాలూ కాదు, సైనికులు. ఫ్రాన్స్ రాజుకో ఇంకో రాజుకో కూలికి యుద్ధం చేసే మగవాళ్లు. రోమ్‌లో పోప్ వాకిట రంగురంగుల దుస్తుల్లో నిలబడే స్విస్ గార్డులు ఆ వృత్తికి మిగిలిన ఆనవాలు.

పేదింటి పిల్లల కథ ఇంకా చేదు. తల్లిదండ్రులు పోయినవాళ్లను, పెళ్లికాని తల్లులకు పుట్టినవాళ్లను, సాకే దిక్కులేనివాళ్లను ఊరి అధికారులు రైతుల దగ్గర పనికి పెట్టేవారు. కొన్ని చోట్ల వేలం కూడా వేసేవారు. మామూలు వేలానికి అది తలకిందులు: ఆ పిల్లవాణ్ణి సాకడానికి ఊరి నుంచి అందరికంటే తక్కువ డబ్బు అడిగిన రైతుకే పిల్లవాడు దక్కేవాడు. వేలం పోయినా ఆ ఏర్పాటు ఇరవయ్యో శతాబ్దం నడుమ దాటి కూడా సాగింది. 2013లో ప్రభుత్వం తరఫున మంత్రి సిమొనెట్టా సొమ్మరూగా బాధితులకు క్షమాపణ చెప్పారు. తర్వాత తలా 25,000 ఫ్రాంకుల పరిహారం చట్టం వచ్చింది. ఆ పిల్లల్లో బతికున్నవాళ్లు ఇప్పుడు మా వీధుల్లో తిరిగే తాతలు, అవ్వలు. టూరిస్టు పుస్తకాల్లో ఈ కథ దొరకదు కాబట్టి కాస్త ఎక్కువే చెప్పాను.

మరి మంచు సిరి ఎప్పుడయింది? చాలావరకు పరాయివాళ్ల పుణ్యమే. 1864లో సెయింట్ మొరిట్జ్‌లో యోహన్నెస్ బాద్రుత్ అనే హోటల్ యజమాని, వేసవి ముగించి వెళ్తున్న ఇంగ్లీషు అతిథులతో పందెం కాశాడని ఇక్కడ అందరూ చెప్పుకునే కథ. చలికాలంలో రండి, ఇక్కడి ఎండ మీకు నచ్చకపోతే రాను పోను ఖర్చు నాది అన్నాడట. వాళ్లు వచ్చి ఈస్టర్ దాకా కదల్లేదట. ఆ మరుసటేడే దావోస్‌కు క్షయరోగులు చలికాలపు గాలి కోసం రావడం మొదలైంది. అక్కడి డాక్టరు అలెగ్జాండర్ ష్పెంగ్లర్, రాజకీయ కారణాలతో జర్మనీ వదిలి వచ్చిన శరణార్థి. స్కీలు నార్వేవాళ్లవి. గ్లారుస్‌లో 1893లో దేశపు మొదటి స్కీ క్లబ్బు పెట్టినవాళ్లు ఆ నార్వే చెక్కలతోనే కొండ దాటి చూపించారు. షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన ఆర్థర్ కానన్ డాయిల్ 1894లో దావోస్ నుంచి అరోసాకు స్కీల మీద వెళ్లి, ఆ ప్రయాణాన్ని ఇంగ్లండ్ పత్రికలో రాశాడు. ముందుముందు ఇంగ్లీషువాళ్లు వందల్లో వస్తారన్నాడు. వచ్చింది లక్షల్లో.

ఇక మన దేశంతో ముడిపడిన మనిషి దగ్గరికి వద్దాం. ఆర్నాల్డ్ లన్. పుట్టింది మద్రాసులో, 1888 ఏప్రిల్‌లో. మన కోస్తా, సీమ జిల్లాలు కూడా అప్పట్లో ఆ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. తండ్రి హెన్రీ లన్ మెథడిస్టు మిషనరీగా వచ్చాడు. ఎక్కువ కాలం నిలవకుండా కుటుంబంతో ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. తోటి మిషనరీలు దొరల్లా బతుకుతున్నారని విమర్శించి సంఘంలో పెద్ద రచ్చకు కారణమయ్యాడు. తర్వాత ప్రయాణాల కంపెనీ పెట్టాడు. అది చివరికి ఇంగ్లీషువాళ్లను చలికాలంలో ఆల్ప్స్‌కు తోలుకొచ్చే పెద్ద వ్యాపారమైంది. మతం పని కంటే మంచు పని ఆయనకు బాగా అచ్చొచ్చిందంటే తప్పు కాదనుకుంటాను.

కొడుకు ఇంకో అడుగు ముందుకేశాడు. 1909లో వేల్స్‌లో కొండ ఎక్కుతూ పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అతికాక ఆ కాలు పొట్టిదైపోయింది. ఆ కాలుతోనే జీవితాంతం స్కీ చేశాడు. అప్పటిదాకా స్లాలమ్ అనే మలుపుల పందెంలో ఒంటి తీరు, మలుపు అందం చూసి మార్కులు వేసేవారు. లన్ 1922లో మ్యూరెన్‌లో జంట జెండాలు పాతి, వాటి మధ్యలోంచి ఎవరు ముందు కిందికి చేరితే వాళ్లే గెలిచినట్టు అన్నాడు. ఇప్పుడు ఒలింపిక్స్‌లో మీరు టీవీలో చూసే స్లాలమ్ ఆ జెండాల సంతతే. నార్వేవాళ్లు ఒప్పుకోలేదు. మైదానంలో మైళ్లకు మైళ్లు పోవడం, ఎగిరి దూకడం, అదీ స్కీ అంటే అన్నారు. రైలెక్కి పోయి కిందికి జారడం వాళ్ల లెక్కలో బద్ధకం. చివరికి అంతర్జాతీయ సమాఖ్య 1930లో ఒప్పుకుంది. మరుసటేడు ఈ పందాలకు తొలి ప్రపంచ పోటీలు మ్యూరెన్‌లోనే జరిగాయి. ఆడవాళ్ల పందాలు రెండూ ఎస్మీ మెకినన్ అనే బ్రిటిష్ అమ్మాయి గెలిచింది.

ఇంకో ముడి కూడా ఉంది. లన్‌ల పూనికతో 1911లో మొంటానాలో మొదలైన కొండ పందెం కప్పుకు లార్డ్ రాబర్ట్స్ పేరు పెట్టారు. కాన్పూర్‌లో పుట్టి, 1880లో కాబూల్ నుంచి కందహార్ దాకా సైన్యాన్ని నడిపించి, ‘కందహార్’ను తన బిరుదులో కలుపుకున్న సేనాని ఆయన. ఆ సైన్యంలో నడిచినవాళ్లలో మన దేశపు సిపాయిలే ఎక్కువ. 1924లో మ్యూరెన్‌లో పెట్టిన స్కీ క్లబ్బు కూడా కందహారే. ఎందరో సిపాయిలు ఎండలో నడిచిన నడక ఇక్కడ కప్పుల మీద చెక్కి ఉంది.

ఎదురు కొండ మీద వెంగెన్‌లో ఎర్న్‌స్ట్ గెర్చ్ అనే ఆయనకు ఈ ఇంగ్లీషు పెత్తనం కిట్టలేదు. స్విస్ కుర్రాళ్లూ తక్కువవాళ్లు కాదని చూపించడానికి 1930లో లౌబర్‌హార్న్ పందెం పెట్టాడు. సుమారు నాలుగున్నర కిలోమీటర్లు, రెండున్నర నిమిషాలు, గంటకు 150 కిలోమీటర్లు దాటే వేగం. జనవరిలో ఆ శనివారం మా ఆఫీసులో ఎవరికీ ఫోన్ చేసి లాభం లేదు. 1934 డిసెంబరులో దావోస్‌లో ఇంజనీరు ఎర్న్‌స్ట్ కాన్‌స్టమ్ తాడుతో మనుషుల్ని పైకి లాగే లిఫ్టు పెట్టాక ఆట మామూలు జనానికి అందింది. అప్పటిదాకా కొండ రైలు లేని చోట ఒక్కసారి జారడానికి గంటలు ఎక్కాలి.

1972లో జపాన్‌లోని సప్పోరో ఒలింపిక్స్‌తో ఆట జాతీయ జబ్బయింది. స్విట్జర్లాండ్‌కు పది పతకాలు. వాటిలో రెండు బంగారు పతకాలు మారీ తెరేస్ నాడిగ్ అనే 17 ఏళ్ల అమ్మాయివి. ఆ పిల్ల గెలిచేనాటికి ఈ దేశపు ఆడవాళ్లకు జాతీయ ఎన్నికల్లో ఓటు వచ్చి ఏడాదే అయింది. మా అమ్మమ్మలు 1952లోనే వరసలో నిలబడి ఓటేశారని చెబితే మా పొరుగింటి ఆమె నమ్మడానికి కాస్త సమయం పట్టింది.

ఈ సంబరం వెనక కూలీల లెక్క ఒకటి ఉంది. కొండల్ని తొలిచి రైళ్లు, సొరంగాలు, డ్యాములు కట్టింది ఎక్కువగా ఇటలీ పల్లెల మగవాళ్లు. ఈ దేశపు కరెంటులో సగానికి పైగా నీటితో పుట్టేదే. 1965 ఆగస్టు 30న మాట్‌మార్క్ డ్యాము పనిలో అల్లలిన్ హిమానీనదం విరిగి కూలీల బారకుల మీద పడింది. చనిపోయినవాళ్లు 88 మంది, అందులో 56 మంది ఇటలీవాళ్లు. కోర్టు నిందితులందరినీ నిర్దోషులన్నది. పైకోర్టుకు వెళ్లిన కుటుంబాల మీద ఖర్చుల్లో సగం వేసింది. హోటళ్లలో గిన్నెలు కడిగినవాళ్లకు, కట్టుబడి పనివాళ్లకు సీజను పర్మిట్లు ఇచ్చేవారు. తొమ్మిది నెలలు ఉండు, వెళ్లు, మళ్లీ రా, పెళ్లాం పిల్లల్ని తేకు. గల్ఫ్‌కు వెళ్లిన మనవాళ్ల ఇళ్లలో ఈ బాధ విడమరచి చెప్పక్కర్లేదు. తెచ్చుకోకుండా ఉండలేనివాళ్లు పిల్లల్ని గదుల్లో దాచారు. చప్పుడు చేయకుండా, కిటికీ దగ్గరికి రాకుండా పెరిగిన పిల్లలు. ఆ పర్మిట్ పద్ధతి 2002లో గానీ పోలేదు. మేం కుటుంబంతో కలిసి, వీసా స్టాంపుతో దర్జాగా దిగిపోయాం. మా పిల్లలు మంచులో అరుస్తూ దొర్లుతుంటే, అరవకూడదని చెప్పి పెంచిన ఆ ఇటలీ పిల్లలు నాకు గుర్తొస్తారు.

ఇప్పుడు ఆట మళ్లీ ఖరీదైంది. పెద్ద కొండల్లో ఒక్క రోజు టికెట్టే మన లెక్కలో వేల రూపాయలు. పైన అద్దెకు తీసుకునే స్కీలు, బూట్లు. చాలా స్విస్ కుటుంబాలే మానుకుంటున్నాయి. బడి శిబిరాలు మాత్రం పేద, ధనిక తేడా కొంత ఆపుతున్నాయి. 2017లో సుప్రీంకోర్టు, తప్పనిసరి శిబిరానికి తిండి ఖర్చు కింద రోజుకు 10 నుంచి 16 ఫ్రాంకులకు మించి తల్లిదండ్రుల దగ్గర తీసుకోకూడదంది. నా అభిప్రాయంలో స్విస్‌వాళ్లు మంచుతో చేసిన మంచి పనుల్లో పై వరసలో నిలిచేవి హోటళ్లు కావు, ఈ శిబిరాలు.

కానీ మంచే తరిగిపోతోంది. 2022, 2023 రెండేళ్లలోనే ఇక్కడి హిమానీనదాలు తమ మంచులో పదో వంతు పోగొట్టుకున్నాయి. వాలుల్లో చాలాచోట్ల రాత్రిపూట యంత్రాలు నీళ్లు చిమ్మి మంచు చేస్తాయి. పొద్దున గోధుమరంగు గడ్డి మధ్య తెల్లటి పట్టీ ఒక్కటే కనిపించే రోజులు మేమే చూశాం. ఎత్తు తక్కువ ఊళ్లలో లిఫ్టులు మూతపడుతున్నాయి.

కాబట్టి స్విట్జర్లాండ్ రావాలనుకునే మనవాళ్లకు నా మాట ఇది. మే నెల సెలవుల్లో యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ ఎక్కి, నాలుగు ఫొటోలు దిగి, మధ్యాహ్నం బస్సెక్కి ప్యారిస్ పోయే ప్యాకేజీ మానేయండి. వీలైతే జనవరి చివర్లో రండి, 1,500 మీటర్లకు పైనున్న ఊరు చూసుకోండి. అద్దెకు స్కీలు అన్ని చోట్లా దొరుకుతాయి. మొదటి రోజు తప్పకుండా టీచరును పెట్టుకోండి. మ్యూరెన్ వస్తే ఆర్నాల్డ్ లన్ పేరు చెక్కిన స్మారక శిల ఒకటి ఉంది, దాని దగ్గర రెండు నిమిషాలు ఆగండి. ఆవకాయ మాత్రం తెచ్చుకోండి, అది ఇక్కడి కొండ మీద దొరకదు.