షాబాష్

షాబాష్ అనేది ఒక పనిని చక్కగా చేసినవారిని మెచ్చుకొనుటకు వాడే పారసీక పదం. తెలుగులో ఇది శభాష్, సెబాసు, శహబాసు అనే రూపాలలో కనిపిస్తుంది. భారతదేశంలోని ఆంగ్లేయుల వాడుక ద్వారా ఆంగ్ల నిఘంటువులలో కూడా చేరింది. హైదరాబాదు పాతబస్తీలోని దక్కనీ ఉర్దూలో ఇది నిత్యవ్యవహార పదం. మెచ్చుకోలును అక్కడ షాబాషీ అంటారు.

వ్యుత్పత్తి

ఈ పదం షాద్, బాష్ అనే రెండు మాటల కలయిక. షాద్ అనగా సంతోషంగా ఉన్న. బాష్ అనగా ఉండుము. ఉచ్చారణలో దకారం లోపించి షాబాష్ అయినది. కనుక ఇది నిజానికి పొగడ్త కాదు, "సంతోషంగా ఉండు" అనే దీవెన. పెద్దలు పిల్లల వీపు తట్టి అనే మాటగా ఇది స్థిరపడటానికి ఈ అర్థం చక్కగా సరిపోతుంది. చిన్నవారు పెద్దలను షాబాష్ అనడం మర్యాద కాదు. ముషాయిరాలో పేరున్న కవికి వాహ్‌వా, సుభానల్లా, ముకర్రర్ (మరొక్కసారి) వంటి మాటలే దక్కుతాయి.

షాదీ (పెళ్ళి) అనే మాట కూడా షాద్ నుండి పుట్టినదే; దాని తొలి అర్థం సంతోషం. ఇరాన్‌లో పెళ్ళిళ్ళలో వధూవరులపైన, నర్తకులపైన చల్లే డబ్బును నేటికీ షాబాష్ అనే అంటారు.

షాబాష్‌ను షాహ్ (రాజు) అనే మాటతో ముడిపెట్టడం తరచుగా జరిగే పొరపాటు. పండితులూ దీనికి అతీతులు కారు. యూల్, బర్నెల్ 1886లో ప్రచురించిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు దీనికి "రాజువు కమ్ము" అనే అర్థమిచ్చింది. 1903 నాటి కూర్పులో విలియం క్రూక్ దానిని "సంతోషంగా ఉండు" అని సరిదిద్దాడు. ఆంగ్లంలోని బ్రావో ఇటాలియన్ నుండి, కూడోస్ గ్రీకు నుండి వచ్చినవి. కూడోస్ అనగా కీర్తి. అది ఏకవచనమే అయినా చివరి సకారాన్ని చూసి బహువచనమని భ్రమించి కొందరు కూడో అనే కొత్త ఏకవచనాన్ని సృష్టించారు. మెచ్చుకోలు మాటలకు ఈ తిప్పలు ఎక్కడైనా ఉన్నవే.

హైదరాబాదులో

1591లో నగరాన్ని నిర్మించిన కుతుబ్ షాహీల కాలం నుండి 1880వ దశకం వరకు ఇక్కడి రాజ్య వ్యవహారాలలో పారసీకానిదే పెద్దపీట. ఆ తరువాత ఉర్దూ అధికార భాష అయినా పారసీక పదాలు జనం నోట నిలిచిపోయాయి. రెండుసార్లు హైదరాబాదు రాజ్య ప్రధాని పదవిని నిర్వహించిన మహారాజా కిషన్ పర్షాద్ (1864-1940) షాద్ అనే కలం పేరుతో కవిత్వం వ్రాశాడు. ఆయన దేవిడీ పాతబస్తీలోని షా అలీ బండాలో ఉండేది. షాద్‌నగర్ పట్టణానికి ఆయన కలం పేరు మీదుగానే ఆ పేరు వచ్చింది. అంటే షాద్‌నగర్, షాదీ, షాబాష్ మూడింటిలోనూ ఉన్నది ఒకే మాట.

తెలుగులో

పారసీక మూలంలో ఉన్నది అల్పప్రాణమైన బకారమే. శభాష్‌లోని భకారం తెలుగువారు చేర్చుకున్నది. భళా, భేష్ అనే మాటల సాహచర్యం దీనికి కారణం కావచ్చు. దీనిని చూసి సంస్కృత పదమని భావించరాదు, "సభ"తో దీనికి సంబంధం లేదు. అయితే శభాష్‌ను తప్పుగా ఎంచి షాబాష్ అని దిద్దవలసిన అవసరమూ లేదు. శభాష్ రాముడు (1959), శభాష్ రాజా (1961), శభాష్ సూరి (1964) వంటి చలనచిత్రాల పేర్లతో ఆ రూపం ఇంటింటికీ తెలిసినదే. ఎత్తిపొడుపుగా కూడా దీనిని వాడతారు. అప్పుడు అర్థాన్ని నిర్ణయించేది పలికే తీరు మాత్రమే.