పిండం ఎవరిది? రెండు శతాబ్దాల తగువు

కోట్లాది శుక్రకణాలు పరుగు పందెం పెట్టుకుంటాయి, గెలిచిన మొనగాడు కదలక మెదలక పడి ఉన్న అండాన్ని ఛేదిస్తాడు: బడి పాఠం నుంచి సినిమా డైలాగు దాకా ఇదే కథ. సూక్ష్మదర్శినిలో చూసి అల్లిన కథ కాదిది, అంతకు ముందు నుంచీ ఉన్న నమ్మకానికి కొత్త వేషం. తండ్రిది బీజం, తల్లిది క్షేత్రం అన్నాయి మన ధర్మశాస్త్రాలు. రూపమిచ్చేది పురుషుడు, స్త్రీ ఇచ్చేది ముడిసరుకే అన్నాడు అరిస్టాటిల్. ఫలదీకరణ గుట్టు తేలడానికి అంత కాలం పట్టడంలో, బిడ్డ ఎవరో ఒకరి సొత్తే అయి ఉండాలన్న ఈ పట్టుదలకు పెద్ద వాటా ఉంది.

పనిముట్లు లేకపోవడమే అసలు కారణం కదా అనొచ్చు. కొంతవరకు నిజమే. మనిషి అండం మిల్లీమీటరులో పదోవంతు. 1672లో డచ్ వైద్యుడు డి గ్రాఫ్ అండాశయం మీది ద్రవపు బుడగలనే గుడ్లనుకున్నాడు. క్షీరదాల అసలు అండాన్ని ఫాన్ బేయర్ ఆడకుక్కలో చూసేసరికి 1827 వచ్చింది. కానీ శుక్రకణాలు 1677లోనే లీవెన్‌హుక్ కంటపడ్డాయి. పడగానే పండితులు రెండు వర్గాలయ్యారు. పిండమంతా శుక్రకణంలోనే ఉంది, గర్భాశయం దాన్ని పోషిస్తుందంతే అని ఒకరు. కాదు, గుడ్డులోనే ఉంది అని మరొకరు. ఇటలీ మతాచార్యుడు స్పల్లంజానీ సంగతి చూడండి. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఆయన మగకప్పలకు పట్టు లాగులు కుట్టి తొడిగాడు, గుడ్లు ఎదగలేదు. కప్ప వీర్యాన్ని అద్దుడు కాగితాలలో వడకట్టాడు. కిందికి దిగిన ద్రవం పనికిరాలేదు, కాగితానికి అంటుకున్న మడ్డి మాత్రం గుడ్లకు ప్రాణం పోసింది. ఇంత చేసీ, ఆ కదిలే కణాలకు ఇందులో పాత్ర లేదనే తేల్చాడు! ఆయన గుడ్డు పక్షం మరి. పనిముట్లు సరిపోయాయి, సాక్ష్యం చేతిలోనే ఉంది, ఒప్పుకోవడానికి మనసే రాలేదు. తగువు తీరింది 1876లో. పారదర్శకంగా ఉండే సీ అర్చిన్ గుడ్డులో ఒకటి కాదు, రెండు కేంద్రకాలు దగ్గరై ఏకం కావడం ఆస్కార్ హెర్ట్విగ్ చూశాడు.

ఆ తర్వాత తెలిసినవన్నీ పందెం కథను బలహీనపరిచేవే. శరీరంలోకి చేరగానే శుక్రకణానికి ఫలదీకరణ శక్తి ఉండదు. స్త్రీ జననాంగాల్లో కొన్ని గంటలు గడిపాకే అది వస్తుందని 1951లో అమెరికాలో చాంగ్, ఆస్ట్రేలియాలో ఆస్టిన్ విడివిడిగా కనిపెట్టారు. కాబట్టి ముందొచ్చినదే గెలవాలని లేదు. అండం కూడా చేతులు ముడుచుకు కూర్చోదు. విడుదలయ్యే వేళకు దాని కణవిభజన సగంలో ఆగి ఉంటుంది, ఆయుష్షు సుమారు ఒక రోజు. ఫెలోపియన్ నాళపు అంచులు దాన్ని లోపలికి ఊడ్చుకుంటాయి. శుక్రకణం మీది ఇజుమో ప్రొటీనును పట్టుకోవడానికి అండం పొర మీద జూనో అనే మరో ప్రొటీను ఉండాలి. అది లేకుంటే రెండూ కలవవు. ఒకటి లోపలికి రాగానే అండం తన పైపొరను గట్టిపరచి మిగతావాటికి తలుపు మూస్తుంది, ఆగిన విభజన ముగించి అదనపు క్రోమోజోమ్‌లను బయటికి నెట్టేస్తుంది. అప్పుడు తల్లివి 23, తండ్రివి 23 ఒకే కణంలో చేరతాయి. అదే జైగోట్.

ఇలా చెప్పడం అండాన్ని కొత్త మొనగత్తెను చేయడమేగా అంటే, కాదు. జైగోట్ తొలిసారి చీలడానికి కావలసిన సెంట్రియోల్ తండ్రి నుంచే వస్తుంది. పుట్టేది ఆడా మగా అన్నది శుక్రకణం తెచ్చే క్రోమోజోమే తేలుస్తుంది. మైటోకాండ్రియా తల్లిది. పరుగులో మేలైన కణాల వడపోత జరుగుతుందన్న వాదనలోనూ కొంత సత్యముంది. లోపాలున్న కణాలు చాలా వరకు దారిలోనే ఆగిపోతాయి. అయితే బిడ్డ పుట్టడానికి ఆ పరుగే ప్రాణమైతే ఇక్సీ పద్ధతి పనిచేయకూడదు. హైదరాబాద్, విజయవాడ సంతాన సాఫల్య కేంద్రాల్లో ఇప్పుడది మామూలే. ఒక్క శుక్రకణాన్ని ఎంచి, సన్నని సూదితో నేరుగా అండంలోకి పంపుతారు. బ్రస్సెల్స్ వైద్యులు 1992లో దీన్ని ప్రకటించారు. పరుగెత్తని, కొన్నిసార్లు కదలనే లేని కణాల నుంచి అప్పట్నుంచీ లక్షలాది మంది పిల్లలు పుట్టారు.