అసంభవ కల్పన: కుందేటికొమ్ము నుండి అసంభవ ప్రపంచాల వరకు

లేనిదానిని గురించి మాట్లాడటం సాధ్యమేనా అన్న ప్రశ్నను భారతీయ తార్కికులు ప్రసిద్ధమైన రెండు ఉదాహరణలతో పరీక్షించారు. ఒకటి కుందేటికొమ్ము, రెండవది వంధ్యాపుత్రుడు. మొదటిదానిలో కుందేలూ ఉంది, కొమ్మూ ఉంది. వాటి సంబంధం మాత్రమే లేదు. రెండవదానిలో పదాలే పరస్పర విరుద్ధాలు.

ఉన్నదంతా క్షణికమని నిరూపించదలచిన బౌద్ధులకు క్షణికం కానిది వ్యతిరేక దృష్టాంతంగా కావలసివచ్చింది. వారి మతంలో అటువంటి వస్తువే లేదు. అందువల్ల జ్ఞానశ్రీమిత్రుడు, ఆయన శిష్యుడు రత్నకీర్తి అసత్పదార్థాలకు సైతం వాదంలో చోటు కల్పించారు. ఉదయనాచార్యుడు ‘ఆత్మతత్త్వవివేకం’లో దీనిని నిరాకరించాడు. కుందేటికొమ్ము లేదంటే కుందేటియందు కొమ్ము లేదనే అర్థం. ఆ కొమ్ము గుణాలేమిటని ఎవరైనా అడిగితే మౌనమే తగిన సమాధానం.

అయినా నైయాయికుడు సైతం లేనిదానిని బుద్ధిపూర్వకంగా ఊహించక తప్పదు. కొండపై నిప్పు లేకుంటే పొగ కూడా ఉండకూడదు అనడం తర్కం. పొగను చూస్తూనే అది లేదని ఆరోపించే ఇటువంటి జ్ఞానాన్ని ‘ఆహార్యం’ అంటారు. ఆంధ్రుడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రచించిన ‘తర్కసంగ్రహం’ తర్కాన్ని సంశయ విపర్యయాలతో పాటు అయథార్థానుభవంలో చేర్చింది. అయథార్థమైనదే యథార్థజ్ఞానానికి తోడ్పడుతున్నదన్నమాట.

20వ శతాబ్దపు పాశ్చాత్య తర్కంలో ఈ ప్రశ్న మరో రూపంలో తలెత్తింది. సంభావ్య ప్రపంచాల సిద్ధాంతం ప్రకారం, ఒక వాక్యం ఏయే ప్రపంచాలలో సత్యమో వాటి సమూహమే దాని అర్థం. విరుద్ధవాక్యం ఏ ప్రపంచంలోనూ సత్యం కాదు గనుక వంధ్యాపుత్రునికీ చతురస్ర వృత్తానికీ భేదం మిగలదు. ఈ చిక్కును విడదీయడానికి 1975లో హింటిక్కా అసంభవ ప్రపంచాలను సమర్థించాడు. 1986లో డేవిడ్ లూయిస్ వాటిని తిరస్కరించాడు. 1997లో డేనియల్ నోలన్ తిరిగి వాటి పక్షాన నిలిచాడు.

ఈ వివాదంలో ఏమి పణంగా ఉందో తెలుగు పాఠకులకు చిరపరిచితమైన పద్యమొకటి చూపుతుంది. ఏనుగు లక్ష్మణకవి అనువదించిన భర్తృహరి నీతిపద్యం ఇసుక నుండి నూనెను, ఎండమావిలో నీటిని, కుందేటికొమ్మును వరుసగా సాధ్యమని ఒప్పుకొని, మూర్ఖుని మనస్సును రంజింపజేయడం మాత్రం అసాధ్యమంటుంది. ఇవి వంధ్యాపుత్రునివలె స్వవచన విరుద్ధాలు కావు, లోకరీత్యా అసాధ్యాలు. అసాధ్యాలన్నీ ఒక్కటే అయితే ఈ పోలిక నిలవదు. పద్యం అర్థమవుతున్నదంటే, అసంభవాలలోనూ తారతమ్యాన్ని మనస్సు గుర్తిస్తున్నదనే అర్థం. ఆ తారతమ్యాన్ని వివరించలేని అర్థసిద్ధాంతం అసంపూర్ణం.