సెర్చ్ ఇంజిన్ ఆప్టిమైజేషన్: ఎడ్జ్ డెలివరీ వెబ్‌సైట్లు

వెబ్‌సైటు నందలి పుటలను సెర్చ్ ఇంజిన్లు తేలికగా చదివి, వాని విషయమును సరిగా గ్రహించి, వెదకువారికి తొలివరుసలో చూపునట్లు సిద్ధపఱచు విద్యకు సెర్చ్ ఇంజిన్ ఆప్టిమైజేషన్ అని పేరు. వ్యవహారమున దీనిని ఎస్ఈఓ అందురు. పుటను దూరమున నున్న మూలసర్వరు నుండి గాక పాఠకునికి చేరువనున్న సర్వరు నుండి అందించుట ఎడ్జ్ డెలివరీ. వ్రాతను భద్రపఱచి ప్రచురించు కంటెంట్ మేనేజ్‌మెంట్ వ్యవస్థలు ఈ పద్ధతి నాశ్రయించిన పిమ్మట, ఎస్ఈఓలో పదముల కూర్పుతోపాటు పుట వచ్చు దారియు, వచ్చు వేగమును ముఖ్యములైనవి.

ఇంటర్నెట్ అన్వేషణ చరిత్ర 1990లో మాంట్రియల్ లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున అలన్ ఎమ్‌టేజ్ నిర్మించిన ఆర్చీ అను సెర్చ్ ఇంజిన్‌తో మొదలగును. 1994లో మార్టిన్ కోస్టర్ రోబోట్స్ టెక్స్ట్ అను చిన్న ఫైలును ప్రతిపాదించెను. సైటులోని ఏ భాగములకు రావచ్చునో, ఏవి విడువవలెనో క్రాలర్లకు, అనగా పుటలను చదువుచు తిరుగు సెర్చ్ ఇంజిన్ ప్రోగ్రాములకు, తెలుపు ఈ ఫైలు 28 ఏండ్లు కేవలము మర్యాదగా పాటింపబడి, 2022లో గాని ఆర్‌ఎఫ్‌సి 9309 అను ప్రమాణపత్రముగా వెలువడలేదు. 1998లో స్థాపితమైన గూగుల్, పుటలో మాట ఎన్నిమాఱులు వచ్చెనను లెక్కతో తృప్తిపడక, ఎవరెవరు ఆ పుటకు లింకు నిచ్చిరను విచారణను ముందుకు తెచ్చెను. తరువాతి దశాబ్దమంతయు పదములను కుక్కుట, లింకులను కొనుట అను దురాచారములతో గడచి, గూగుల్ 2011లో చేసిన పాండా, 2012లో చేసిన పెంగ్విన్ సవరణలతో కొంత చక్కబడినది.

ఎడ్జ్ పద్ధతికి పునాది మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పడినది. వెబ్ నిర్మాత టిమ్ బెర్నర్స్-లీ 1995లో, రాబోవు రద్దీని వెబ్ ఎట్లు భరింపగలదను ప్రశ్నను తోడి పండితుల ముందుంచగా, గణితాచార్యుడు టామ్ లైటన్, ఆయన శిష్యుడు డానియల్ లెవిన్ మొదలగువారు ఆ సమస్యను చేపట్టిరి. 1997లో వారు సహచరులతో కలిసి ప్రకటించిన కన్సిస్టెంట్ హ్యాషింగ్, సర్వర్ల సంఖ్య మాఱినపుడు ఫైళ్లన్నియు తారుమారు గాకుండ, కొలదిభాగము మాత్రమే చోటు మాఱునట్లు వానిని పంచు సుందరమైన గణితోపాయము. దాని నాధారము చేసికొని 1998లో, పుటలను ఈ రీతిగా అందించు అకమాయ్ సంస్థ ఏర్పడెను.

2009 ఫిబ్రవరిలో గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ సంస్థలు మూడును కానానికల్ ట్యాగును అంగీకరించినవి. ఒకే విషయము పలు చిరునామాలలో కనబడునపుడు అసలైన దేదియో తెలుపు ఈ గుర్తు, ఒకే పుట పలు చిరునామాలలో నుండు సైట్లకు మిక్కిలి ఉపకరించినది. 2010 ఏప్రిల్‌లో వేగమును కూడ ర్యాంకింగున లెక్కించుచున్నామని గూగుల్ ప్రకటించెను. 2020లో కోర్ వెబ్ వైటల్స్ అను కొలతలు వచ్చినవి: పుటలోని ప్రధానభాగము 2.5 సెకన్లలోపల కంటబడవలెను; చదువుచుండగా అక్షరములు, బొమ్మలు పక్కకు జరుగుట 0.1 అను పరిమితిని దాటరాదు. 2024 మార్చిలో చేరిన కొలత ననుసరించి, నొక్కిన 200 మిల్లీసెకన్లలోపల పుట స్పందింపవలెను. అయినను విషయసారము లేని పుటను వేగ మొక్కటియే పైకెత్తజాలదు.

2017లో క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ ప్రకటించిన వర్కర్స్ అను సేవ వలన ఎడ్జ్ సర్వరు కేవలము నకళ్లను దాచు గోదాముగా నుండక, ప్రోగ్రాములను నడుపు స్థలమైనది. దారిమళ్లింపులను, శీర్షికలను, భాషాసూచకములను మూలవ్యవస్థను ముట్టకయే దారిలో సరిదిద్దు ఈ పనికి ఎడ్జ్ ఎస్ఈఓ అను పేరు వాడుకలోనికి వచ్చెను.

ఈ పరిణామమున విశేషముగా చెప్పదగినది అడోబ్ సంస్థ మార్గము. స్విట్జర్లాండు లోని బాసెల్ నగరమున నుండిన డే సాఫ్ట్‌వేర్‌ను అడోబ్ 2010లో కొనెను. దాని వంశమునకు చెందిన ఎక్స్‌పీరియన్స్ మేనేజర్ అను కంటెంట్ మేనేజ్‌మెంట్ వ్యవస్థకు 2023లో ఎడ్జ్ డెలివరీ సర్వీసెస్ తోడైనవి. ఇందు రచయిత వర్డ్‌లో గాని గూగుల్ డాక్స్‌లో గాని మామూలుగా వ్రాసికొనును. పత్రమున మెటాడేటా అను తలవరుసతో ఒక పట్టిక గీసి, ఎడమగడిలో టైటిల్, కుడిగడిలో శీర్షిక, దాని క్రింద డిస్క్రిప్షన్, వివరణ వ్రాసినచో, అవియే సెర్చ్ ఇంజిన్ చదువు ట్యాగులగును. పాత చిరునామా ఒక నిలువువరుసలో, క్రొత్తది ప్రక్కవరుసలో వ్రాసిన స్ప్రెడ్‌షీటే దారిమళ్లింపుల జాబితా. ప్రోగ్రామరు చేయి తగులకయే రచయిత తన పుట గతిని తానే దిద్దుకొనగలుగుట ఈ పద్ధతికి గల గొప్ప సుగుణము.

చిక్కులును లేకపోలేదు. మూలమున దిద్దిన వ్రాత, ఎడ్జ్ సర్వరు దాచుకొన్న నకలును (క్యాషెను) తుడిచినగాని, దాని గడువు తీరినగాని బయటి వారికి కనబడదు. గూగుల్ క్రాలరు అధికముగా అమెరికా చిరునామాల నుండియే వచ్చుచుండును గనుక, సందర్శకుని దేశమును బట్టి ఒకే చిరునామాలో వేర్వేరు పాఠములు చూపు సైటున తక్కిన దేశముల పాఠములు దానికి చిక్కకపోవచ్చును. ప్రతి భాషకు వేరు చిరునామా నిచ్చుటయే క్షేమము.

తెలుగు సైట్ల ఎస్ఈఓకు మొదటి అడ్డంకి లిపిసంకేతములది. లిపులకెల్ల ఉమ్మడి సంకేతపద్ధతియైన యూనికోడు వాడుకలోనికి రాక పూర్వము తెలుగు పత్రికల సైట్లు సొంత ఫాంట్లను వాడుటచే, కంటికి తెలుగుగా తోచినది యంత్రమునకు అర్థములేని రోమను గుర్తుల వరుసగానే అందెడిది. యూనికోడు వచ్చిన పిదపను చిరునామాల చిక్కు మిగిలినది: ‘తెలుగు’ అను మాట ఆఱు సంకేతములు, 18 బైట్లు అయి, చిరునామాలో శాతపు గుర్తులతో 54 చిహ్నములుగా విప్పబడును. అడోబ్ వ్యవస్థ చిరునామాలలో రోమను చిన్నక్షరములు, అంకెలు, అడ్డుగీతలు మాత్రమే చెల్లును గనుక, అందు తెలుగు పుటకు రోమను లిపిలోనే పేరు పెట్టవలెను; శీర్షిక, వివరణ, వ్యాసపాఠము మాత్రము తెలుగు లిపిలోనే ఉండవచ్చును.