పాత అంబాసిడర్ ఉందా? పార్ట్సే కాదు.. పానా కూడా వెతుక్కోవాల్సిందే!

కరీంనగర్‌లో ఇంకా పాత అంబాసిడర్ నడుపుతున్నారా? అయితే స్పేర్ పార్ట్స్‌తో పాటు పనిముట్లూ తలనొప్పే. కారణం.. కొలత!

బ్రిటన్ కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ఆధారంగా అంబాసిడర్ వచ్చింది. అందుకే పాత 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్‌కు నట్లు, బోల్టులు అంగుళాల్లో ఉంటాయి. 1983లో వచ్చిన మారుతీ 800 మిల్లీమీటర్ల బండి. ఇప్పటి కార్లూ అంతే. షెడ్లలో పానాలూ వాటికి తగ్గట్టే మారాయి.

తప్పు పానా వేస్తే?

అర అంగుళం అంటే 12.7 మి.మీ. 12 పానా ఎక్కదు. 13 వేస్తే పట్టినట్టే ఉంటుంది.. గట్టిగా తిప్పితే జారుతుంది. బోల్టు మూలలు అరిగిపోతే ఇక కోసి తీయాల్సి రావచ్చు.

పాయింట్లకూ అదే కష్టం

పాత ఇంజిన్‌లో కాంటాక్ట్ పాయింట్ల గ్యాప్‌ను ఫీలర్ గేజ్‌తో, టైమింగ్‌ను టైమింగ్ లైట్‌తో చూడాలి. కొత్త కార్లకు స్కానర్ పెడతారు కాబట్టి కుర్ర మెకానిక్‌లకు వీటితో పని పడట్లేదు. అడిగేవాళ్లు లేకపోతే షాపువాళ్లు మాత్రం ఎందుకు తెస్తారు?

ఏం చేయాలి?

షాపులో 'అంగుళాల పానా సెట్' అని అడగండి. 7/16, 1/2, 9/16 సైజులు ముఖ్యం. ఇసుజు ఇంజిన్ అంబాసిడర్ అయితే ఇంజిన్‌కు మి.మీ. పానాలే వాడాలి. ఇక్కడ దొరక్కపోతే సికింద్రాబాద్ రాణిగంజ్ హార్డ్‌వేర్ మార్కెట్‌లో అడిగి చూడొచ్చు.

2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. ఇంట్లో తాతల నాటి పానాలుంటే పాత ఇనుముకు వేయకండి.. రేపు బండి కదిలేది వాటితోనే!