కోట, గడీ: దక్షిణ తెలంగాణ పత్రికాభాషలో రెండు కట్టడాల లాక్షణికార్థాలు

వ్యాససంగ్రహం: ‘కోట’, ‘గడీ’ అనే పదాలు రెండూ రక్షణ గల కట్టడాన్ని సూచిస్తాయి. పత్రికాభాషలో మాత్రం మొదటిది బలానికి, రెండవది పీడనకు సంకేతాలయ్యాయి. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల చరిత్ర ఆధారంగా ఈ అర్థభేదాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: కోట, గడీ, లక్షణ, వెట్టి, పత్రికాభాష.

1. ఉపోద్ఘాతం

ఎన్నికల కాలంలో ‘కంచుకోట’, ‘కోటకు బీటలు’, ‘కోటలో పాగా’ వంటి ప్రయోగాలు తెలుగు పత్రికాపాఠకులకు చిరపరిచితాలు. తెలంగాణ పత్రికల్లో వీటి సరసన ‘గడీల పాలన’, ‘గడీలు బద్దలు’ అనేవీ కనిపిస్తాయి. హిందీ, మరాఠీ భాషల్లో ‘గఢీ’ అంటే చిన్న కోట. తెలంగాణలో అది దొర నివాసానికి రూఢమైంది. నిఘంటుదృష్టితో చూస్తే రెండింటి మధ్య ఉన్నది పరిమాణభేదమే. అయినా ఒకదానికి బదులు మరొకటి చెల్లదు. ఫలానా నియోజకవర్గం తమ కంచుకోట అని ఏ నాయకుడైనా గర్వంగా చెప్పుకుంటాడు. తమ గడీ అని ఎవరూ చెప్పుకోరు. ఈ భేదం చరిత్ర ఇచ్చినదే.

2. కోట

గద్వాల, వనపర్తి, జటప్రోలు మొదలైన సంస్థానాలకు పాలమూరు ప్రాంతం నిలయం. ఇవీ భూస్వామ్య వ్యవస్థలో భాగాలే. అయితే వీటి కట్టడాలకు ఆలయం, కవిపండిత పోషణ, అనంతరకాలంలో విద్యాసంస్థలు తోడయ్యాయి. గద్వాల కోటలో చెన్నకేశవస్వామి ఆలయంతో పాటు ప్రభుత్వ కళాశాల ఉంది. వనపర్తి రాజభవనం పాలిటెక్నిక్‌గా మారింది. సామాన్యుడు భక్తుడిగానో విద్యార్థిగానో లోపలికి వెళ్లగలిగిన కట్టడం కావడంతో ఈ నేలలో ‘కోట’ అన్న మాటకు భయస్ఫూర్తి తగ్గింది.

3. గడీ

గడీతో సామాన్యుడి సంబంధం వేరు. అతడు అక్కడికి వెళ్లింది వెట్టి చేయడానికి, లేదా పంచాయితీలో దండుగ కట్టడానికి. నాటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోని విసునూరు దేశ్‌ముఖ్‌కు 40,000 ఎకరాల భూమి ఉండేదని పుచ్చలపల్లి సుందరయ్య నమోదు చేశారు. అదే తాలూకాలోని కడవెండిలో 1946 జూలై 4న దేశ్‌ముఖ్ మనుషులు ఊరేగింపుపై జరిపిన కాల్పుల్లో దొడ్డి కొమరయ్య మరణించారు. సాయుధపోరాటానికి అది నాంది అయింది. అప్పటినుంచి ‘గడీ’ అన్న మాటలో కట్టడంతో పాటు ఈ సంఘర్షణ కూడా ధ్వనిస్తుంది.

4. లక్షణావిచారం

‘మంచాలు అరుస్తున్నాయి’ అన్నప్పుడు అరిచేది మంచాల మీది మనుషులు. ఆలంకారికులు చెప్పిన ఈ ఆధారాధేయ సంబంధం వల్లనే ‘గడీ’ మొదట దొరను, తరువాత దొరతనాన్ని బోధించింది. వాక్యసాహచర్యంలోనూ రెండు పదాలకు భేదం ఉంది. కోటకు బీటలు వారతాయి, దానిని కాపాడుకునేవారు ఉంటారు. గడీ బద్దలవుతుంది, దానిని కాపాడాలని ఏ శీర్షికా కోరదు. ‘కోట’ లోపలివారి దృష్టినుంచి పలికే మాట అయితే, ‘గడీ’ గేటు ముందు నిలబడ్డవారి దృష్టినుంచి పుట్టింది.

నల్లగొండ చరిత్ర దీనిని సమర్థిస్తుంది. 1952 లోక్‌సభ ఎన్నికల్లో అక్కడినుంచి రావి నారాయణరెడ్డి నెహ్రూ కంటె ఎక్కువ ఓట్లు పొంది గెలిచారు. గడీలను ఎదిరించిన జిల్లాయే ఆపైన కమ్యూనిస్టుల ‘కంచుకోట’ అనిపించుకుంది. విజేతలు తమ స్థానానికి ఎంచుకున్న కట్టడం కోటే.

5. అర్థవిస్తృతి, అర్థలోపం

రాష్ట్రావతరణ తరువాత ఈ పదం గ్రామం దాటి రాజధాని చేరింది. 2016లో నిర్మించిన ప్రగతిభవన్‌ను విమర్శకులు ‘గడీ’ అన్నారు. 2023 డిసెంబరులో దాని ముందరి కంచెను తొలగించినప్పుడు ‘గడీలు బద్దలు’ అన్న భావన మళ్లీ ప్రచారంలోకి వచ్చింది. ఇక్కడ మూసిన తలుపు, అందని పాలకుడు అనే అర్థాలు నిలిచాయి, వెట్టి జారిపోయింది. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ మొదలైన వృత్తికులాలు కూలి లేకుండా చేసిన శ్రమ ఈ రూపకంలో లేదు. కంచె తొలగితే కొత్త ‘గడీ’ కథ ముగుస్తుంది. పాత గడీ కథ భూమి, శ్రమల దగ్గర మాత్రమే ముగియాలి.

6. ముగింపు

పదం విస్తరించే కొద్దీ దాని జ్ఞాపకం పలచబడుతుంది. ‘గడీ’ని ఏ పక్షంపైనైనా ప్రయోగించగల తిట్టుగా మార్చిన పత్రికాభాష, ఆ గోడల వెనుక పనిచేసినవారిని విస్మరిస్తున్నది. కాబట్టి పత్రికాభాషా పరిశోధకులు ఈ పదప్రయోగాలను సేకరించేటప్పుడు, గడీలో ఎవరున్నారన్న ప్రశ్నతో పాటు అక్కడ ఎవరి చేత పని చేయించారన్న ప్రశ్ననూ వేసుకోవాలి.