ఒడిశా తుఫానులు – ఒక పాలనాయంత్రాంగం నేర్చిన పాఠం

బరంపురం, గోపాల్‌పూర్, పర్లాకిమిడి ప్రాంతాల తెలుగువారికి తుఫాను అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కరలేదు. అయినను ఒక సంగతి మీ దృష్టికి తేవలసి ఉన్నది. ఆపదలో ఎవరు ఏ పని చేయవలెనో ఆపద రాకముందే నిర్ణయించుకొనే విద్యను ఒడిశా పాలనాయంత్రాంగం చాలా పెద్ద మూల్యం చెల్లించి నేర్చుకొన్నది. ఆ చరిత్ర మన ముంగిట జరిగినదే.

1999 అక్టోబరులో ఒకే మాసంలో రెండు తుఫానులు వచ్చాయి. మొదటిది 17, 18 తేదీలలో గంజాం జిల్లాను దెబ్బతీసింది. జనం తేరుకొనకముందే 29వ తేదీన పారదీప్ సమీపాన మహా తుఫాను తీరాన్ని దాటింది. గాలి వేగం గంటకు 260 కిలోమీటర్లు. జగత్సింగ్‌పూర్ జిల్లా ఎరసమ ప్రాంతంపై సముద్రం ఐదారు మీటర్ల ఎత్తున విరుచుకుపడింది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే దాదాపు 10,000 మంది మరణించారు.

హెచ్చరిక లేదా అని మీరు అడుగవచ్చు. ఉన్నది. వాతావరణ శాఖ ముందుగానే చెప్పింది. ఆ మాట పల్లెకు చేరి, మనిషిని ఇంటి నుండి లేవదీసి నడిపించే ఏర్పాటే లేదు. నడిచినా చేరుకొనడానికి చోటు లేదు. అంత పొడవైన తీరంలో రెడ్‌క్రాస్ వారు కట్టించిన ఆశ్రయ భవనాలు బహు కొద్ది. వాటిలోనికి చేరినవారు బ్రతికి బయటపడ్డారు. తుఫాను తరువాత టెలిఫోను తీగలు తెగి, చెట్లు కూలి దారులు మూసుకొనిపోగా, ఏ ఊరిలో ఏమి జరిగిందో రాజధానికి తెలియడానికే రోజులు పట్టింది. ఆజ్ఞ పై నుండి రావలెనని క్రిందివారు, సమాచారం క్రింది నుండి రావలెనని పైవారు ఎదురుచూచే యంత్రాంగానికి తీగ తెగితే చేతులు కూడా తెగినట్లే.

అదే ఏడాది డిసెంబరులో రాష్ట్రం విపత్తుల కోసం ప్రత్యేకంగా ఒక స్వతంత్ర సంస్థను నెలకొల్పింది. 2001లో ‘ఒడ్రాఫ్’ అనే శీఘ్ర సహాయక దళం ఏర్పడింది. పడవలతోపాటు దానికి ఇచ్చిన ముఖ్యమైన సాధనం చెట్లు కోసే యంత్రపు రంపం. 1999లో సహాయాన్ని ఆపినవి కూలిన చెట్లే కదా!

ఉపాధ్యాయుడిగా నాకు అన్నిటికంటె నచ్చినది ఆశ్రయ భవనాల సంగతి. తీరం వెంబడి ఇవి క్రమంగా 800కు పైగా లేచాయి. స్తంభాలపై నిలిచిన కట్టడం; క్రింది భాగం ఖాళీగా ఉంటుంది, నీరు వచ్చినా అటునుండి ఇటు సాగిపోతుంది. జనరేటరు, రంపం, స్ట్రెచరు వంటి సామగ్రి అక్కడే ఉంటుంది. నిర్వహణ ఊరి సంఘానిది. వీటిలో అనేకం బడులకు ఆనుకొని ఉన్నవి. మామూలు రోజులలో వాటిలో పాఠాలు నడుస్తాయి. ఇది ఖర్చు తగ్గించే ఉపాయమని కొందరంటారు. నేను అంగీకరించను. ఏళ్ల తరబడి తాళం వేసిన భవనానికి అర్ధరాత్రి తాళంచెవి దొరకదు. రోజూ పిల్లలు ఎక్కి దిగే మెట్లను చీకటిలో కూడా ఊరంతా గుర్తుపడుతుంది.

2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి, దసరా రోజులలో, పైలిన్ తుఫాను గోపాల్‌పూర్ వద్ద తీరం దాటింది. ప్రభుత్వం ముందే ఉద్యోగుల పండుగ సెలవులను రద్దుచేసి, దాదాపు 10 లక్షల మందిని తరలించింది. గంజాంలో ఇండ్లు, పంటలు, కరెంటు స్తంభాలు నేలకూలాయి. ఆ నష్టాన్ని ఏ ప్రణాళికా ఆపలేదు. ఒడిశాలో మరణాలు మాత్రం, తరువాతి వరదలతో కలిపి కూడా, యాభైకి లోపే. పద్నాలుగేండ్ల క్రిందటి అంకెను మరొకసారి చూడండి.

కథ ఇక్కడ ముగిసి ఉంటే బాగుండేది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా పలాస సమీపాన తీరం దాటింది. తీర గ్రామాల వారిని అలవాటైన పద్ధతిలో తరలించారు. అయితే తుఫాను లోపలికి సాగి, పర్లాకిమిడి కేంద్రంగా గల గజపతి జిల్లా కొండలపై కుండపోతగా కురిసింది. బరఘర అనే గిరిజన గ్రామం వారు వానకు తాళలేక కొండవాలున గుహ వంటి చోట తలదాచుకొన్నారు. కొండచరియ విరిగిపడి పదిమందికి పైగా అందులోనే మరణించారు. రెండు దశాబ్దాలుగా ప్రణాళికలోని చూపంతా సముద్రం వైపే ఉన్నది. కొండ మీది ఊరికి ఎక్కడికి పొమ్మని చెప్పవలెనో అందులో ఎవరూ వ్రాసిపెట్టలేదు.